ఎవరూ లేరన్న పటం

గురువారం, ఏలూరు హాస్టల్

ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన ఓడవాళ్ళ పాత పటంలో ఒక తీరం మీద "ఎవరూ లేరు" అని ఉంది. అదే ఓడ డైరీలో మాత్రం అక్కడ ఇంకా ఆరని పొయ్యి చూశామని రాసుకున్నారు. మరి ఆ పొయ్యి ఎవరిది? "లేరు" అనే చిన్న మాట ఎంతమందిని మింగేసిందో!

నా సెమినార్ పేపర్లో ఇదే అడిగాను. హిస్టరీ సార్ కొట్టేయమన్నారు. "పటం గీసినవాళ్ళకంటే నీకెక్కువ తెలుసా అమ్మా? అది తీసేస్తేనే రేపు స్టేజి ఎక్కు."

ఫోన్లో చెబితే నాన్న నవ్వారు. "కొల్లేరు పొంగితే మనం లంక వదిలి గట్టు మీదకి పోమా తల్లీ? అప్పుడొచ్చినోడు మన ఊళ్ళోనూ ఎవరూ లేరనే రాసుకుంటాడు."

పేపర్ తిరగరాశాను. సార్ కొట్టేయమన్న ప్రశ్నతోనే మొదలుపెట్టి, కింద నాన్న మాట చేర్చాను. స్టేజి ఎక్కనివ్వకపోతే కింద నిలబడే చదువుతాను.