పసుపు కళ్లంల మూలనున్న క్రోటన్ల అప్పగింత

నిజామాబాదు జిల్లా ఆర్మూరు కస్బాలో పసుపు అడ్తి దుకాణం నడుపుచున్న పాండురంగం గారి కొడుకును, బి.ఏ. ప్యాసై ఇంకా ఏ నౌకరీకీ చిక్కనివాడను, శ్రీపతి అను నేను, ఎవరి జబర్దస్తీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేతులారా రాసుకున్న వీలునామా ఇది. తెలివి విషయమై మా మేనత్త కమలాబాయికి ఉజ్రు, అనగా అభ్యంతరం, ఉన్నది. "చెట్లతోని ముచ్చట పెట్టెటోనికి తెలివెక్కడిదిరా?" అని ఆమె గడప మీద నిలబడి అన్నది. సదరు ఉజ్రును ఇందులో నమోదు చేసి, వెంటనే కొట్టివేయడమైనది.

ఈ కాగితం అవసరం ఎందుకు పడిందంటే, రేపు నేను పట్నం పోతున్నాను. అక్కడి దవాఖానలో నా పొట్ట కోసి అపెండిక్సు అనే చిన్న పేగును తీసివేస్తారు. అది ఎందుకూ పనికిరాని పేగు అని డాక్టరు గారు చెప్పగానే మా నాయిన అందుకున్నాడు: "పనికిరాకుంటె ఉండనియ్యున్రి సార్. మా ఇంట్ల పనికిరానోడు వీడు ఉంటలేడా?" డాక్టరు గారు నవ్విండు. నాయిన నవ్వలేదు. బయటికి వచ్చినంక చెప్పులు మరిచినట్టు మళ్లా లోపలికి పోయి, "మత్తు ఇచ్చినంక లేస్తడు గద సార్?" అని మెల్లగా అడిగిండు. తలుపు సందున నేను విన్నాను. ఈ సంగతి ఆయనకు తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది.

పేగు పోతే నాకు ఫికర్ లేదు. నా ఫికరంతా క్రోటన్లది. ఇది పసుపు ఉడకబెట్టి ఎండబోసే కాలం. మా కళ్లంలో కాలు పెట్ట సందు లేదు. ఎండ మస్తుగా పడే తూర్పు మూలను మాత్రం నా మొక్కలు ఆక్రమించి ఉన్నవి. నేను బస్సెక్కిన మరుక్షణం వాటిని పీకి, ఆ జాగాలో పసుపు ఆరబోయుమని నాయిన ముత్తెన్నకు హుకుం ఇచ్చియున్నాడు. ముత్తెన్న మా కళ్లంలో పసుపు ఉడకబెట్టే పెద్దమనిషి. కొప్పెరలో నీళ్లు నిలుస్తవి గాని ఆయన నోట మాట నిలవదు. ఆ విధంగా నాకు తెలిసింది. అందువలన ఈ కింది ఏర్పాట్లు.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే అధికారం నా దోస్తు, తపాలా కచేరీలో ముద్రలు గుద్దే సాలోమోనుకు ఇస్తున్నాను. మా నాయిన ఆర్మూరులో అందరి మీద అరుస్తాడు. సాంగ్లీ పసుపు బజారు ధర మోసుకొచ్చే టెలిగ్రాం తారు ఇతని చేతుల మీదుగా వస్తుంది గనుక ఇతని మీద మాత్రం అరవడు. ఇంతకు మించిన యోగ్యత నాకు కనబడలేదు.

రెండు. ఆస్తి వివరం. పచ్చటి ఆకు మీద పసుపు చిలకరించినట్టుండే మొక్క. పుట్టినప్పుడు లేతగా ఉండి, ముదిరిన కొద్దీ ఎర్రబడే మొక్క. స్వభావంలో మా మేనత్తకు చుట్టం. ఆకులు తాడు పేనినట్టు మెలి తిరిగిన మొక్క. వీటి కొమ్మలు మా కాలేజీ తోటమాలి ఇచ్చినవి. రైలులో గాసునూనె డబ్బాలో పెట్టుకొని, ఒళ్లో కూర్చోబెట్టుకొని తెచ్చినాను. ఆ సందడిలో బట్టల పెట్టె నిజామాబాదు స్టేషనులో మరిచినాను. పెట్టెను నేను ఒక్కసారే మరిచినాను. నాయిన ఇంతవరకు ఒక్కసారీ మరవలేదు.

మూడు. భీమ్‌గల్, ధర్పల్లి దిక్కు నుండి సరుకు తెచ్చే రైతులకు. పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూడకుండా ఉండలేని చేతులు మీవి. ఆ అలవాటుతో నా ఆకులను గోటితో గీకి, "రంగేసిన్రా సావుకారీ?" అని అడుగుతున్నారు. వెయ్యలేదు. ఇకముందు రాలిన ఆకులన్నీ మీకే రాసిస్తున్నాను. తృప్తిగా గీకుకోవచ్చు. చెట్టు మీది ఆకును ముట్టినవారిని సాలోమోను చూసుకుంటాడు.

నాలుగు. మేనత్త కమలాబాయికి నా నీలం ఉన్ని మఫ్లరు. తెల్లారగట్ల చలికి ఆమె చెవులు పోటు పెడతవి. అడగదు. నా తల్లి పోయిన నాటి నుండి ఈ ఇంట్ల ఎవరినీ ఏదీ అడగలేదు. అయితే షరతు ఒకటి: రంగులు మారుస్తున్నది గనుక చెట్టుకు గాలి సోకిందని చెప్పి దానికి ఆమె కట్టిన పాత చెప్పును విప్పవలెను. చెట్టుకు చలి పెడుతున్నదని కొప్పెరలోని వేడినీళ్లు తెచ్చి పోయరాదు. పోయిన చలికాలం జరిగినదాన్ని నేను మాఫీ చేసినాను. మొక్క ఇంకా చేయలేదు.

ఐదు. చెల్లె తారాబాయికి నా ఫౌంటెన్ పెన్ను, దానితో పాటు ఈ పని. పసుపు మెరుగు పెట్టేటప్పుడు లేచే దుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది, తడిబట్టతో తుడవవలెను. నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు పెట్టి చూడవలెను. తడి ఉంటే ఊరుకోవలెను. తెల్లటి పిండిపురుగు కనబడితే సబ్బునీళ్లు. నీడకు జరపరాదు, ఎండ లేకుంటే రంగులన్నీ పోయి వట్టి ఆకుపచ్చగా మిగులుతుంది. తావు మారిస్తే అలిగి ఆకులు రాలుస్తుంది. అలిగినదాన్ని చచ్చిందని పారేయరాదు. ఈ సూత్రం మా ఇంటివారందరికీ వర్తిస్తుంది.

ఆరు. ఇక అసలు ఆస్తి. నిరుడు నేను స్నేహితుని పెండ్లికి మాక్లూరు పోయిన సమయంలో మా నాయిన పసుపు చుక్కల మొక్కను చూసి, "ఆకు పండింది, తవ్వే యాళ్లయింది" అని తానే గడ్డపార తీసుకొని తవ్వినాడు. మన్ను దులిపి, వేర్లు అటిటు తిప్పి, వాడకట్టంతా వినబడేటట్టు, "పైన గింత డాబు, కింద ఒక్క కొమ్ము లేదు! గిదేం పంటరా?" అన్నాడట. నేను వచ్చి లొల్లి చేస్తే మళ్లీ పాతిపెట్టినాడు. ఆకులన్నీ రాలి కట్టె మిగిలింది. ఆయన దుకాణానికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అటే చూసేవాడు. ఒకనాడు దుకాణంలో పసుపు వేలం నడుస్తుండగా కళ్లంలోకెల్లి కేక: "ఒరే శ్రీపతీ, మొలిసిందిరా!" మాట సరిగ వినబడక, సాంగ్లీ ధర పెరిగిందనుకొని బేపారులంతా ఉరికొచ్చిన్రు. వేలం ఆగింది. అందరికీ ఆ చిగురు చూపించినాడు.

కనుక నా క్రోటన్లన్నిటినీ మా నాయిన పాండురంగం గారికే సర్వహక్కులతో రాసిస్తున్నాను. ఇందులో నా కుట్ర ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను. కొడుకు చెట్లయితే పీకిస్తాడు. సొంత సరుకును పారబోసే అడ్తిదారు ఆర్మూరులో పుట్టలేదు.

అనుబంధం. పై మాటలన్నీ ఈ సాయంత్రం అందరి ముందర చదివినాను. ఆరవది ముగిసీ ముగియకముందే నాయిన గద్దె మీద నుండి లేచినాడు. "నాకెందుకురా నీ చెట్లు? నేను తీసుకోను. గీ కాగితం మీద నేను చెయ్యి పెట్ట. నీ చెట్లకు నువ్వే వాపసొచ్చి నీళ్లు పోసుకో" అన్నాడు. ముత్తెన్న దిక్కు తిరిగి, "గా మూల ఇడిసిపెట్టు. పసుపు రోడ్డు దిక్కు ఆరబొయ్యి. పిలగాడు రానీ, వాని చేతనే పీకిపిద్దాం" అన్నాడు.

పుచ్చుకోవలసినవారు పుచ్చుకోనన్నందున, ఇంకొక వారసుని వెతికే ఓపిక నాకు లేనందున, క్రోటన్లు తిరిగి నా పేరనే నిలిచినవి. కావున ఈ వీలునామా రాసినవాడు దవాఖాన నుండి తన కాళ్ల మీద నడిచి రావలసిన బాధ్యత ఏర్పడినది. ఇది నాయిన హుకుం గనుక అప్పీలు లేదు.

వ్యయ నామ సంవత్సర మాఘ బహుళ పంచమి, 1356 ఫస్లీ.
ఆర్మూరు.

(సంతకం) శ్రీపతి, వల్ద్ పాండురంగం

సాక్షులు:
సాలోమోను, సంతకం.
ముత్తెన్న, వేలిముద్ర. సిరా అంటలేదు, పసుపే పడింది.

పాండురంగం గారు చెయ్యి పెట్టలేదు. ఈ అనుబంధం నేను రాస్తున్నంతసేపు లాంతరు పట్టుకొని నిలబడినారు.