పాటకు ముందు దగ్గు

ప్రియమైన బావా,

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ స్టూడియోలో కాలు పెట్టాను. కొత్త ఆల్బమ్. ఒక్కొక్కరినీ కడిగేస్తున్నాను. నా గొంతును తుప్పుపట్టిన తలుపుతో పోల్చిన విమర్శకుడి మీద ఒక పాట. మన బ్యాండ్ టేపుల్ని గోదాములో నాననిచ్చిన కంపెనీ యజమాని మీద ఒకటి. ఆఖరిది నీ మీద. టూర్ మధ్యలో డ్రమ్స్ వదిలేసి, ఫ్రిజ్‌లు బాగుచేసుకోవడానికి పోయినవాణ్ణి ఊరికే వదులుతానా?

కొత్త డ్రమ్మర్ చెయ్యి గడియారమే. నీలా ప్రతి పాటకు ముందూ దగ్గడు. ఆ దగ్గును టేపులోంచి కత్తిరించలేక ఎంత చచ్చేవాళ్లం! ఇప్పుడా పీడ లేదు.

అక్కను అడిగానని చెప్పు. నిన్ను అడగలేదు.

నీ బావమరిది

* * *

ప్రియమైన బావమరిదీ,

తిట్టడానికైనా గుర్తున్నానన్నమాట. నేను పోయింది ఫ్రిజ్‌ల మీద ప్రేమతో కాదు. మీ అక్కకు ఆపరేషన్ అంటే, "రేపు కచేరీ ఉంది, ఎల్లుండి వెళ్లు" అన్నావు చూడు, అందుకు. అక్క మర్చిపోయింది. నేను మర్చిపోలేదు.

ఆల్బమ్ పంపకు. వినే ఓపిక లేదు. "వాడి మోకాళ్లెలా ఉన్నాయో కనుక్కోండి" అంటోంది అక్క. కనుక్కున్నాను.

నీ బావ

* * *

ప్రియమైన బావా,

వద్దన్నావు కాబట్టి పంపుతున్నాను. మోకాళ్లు నాలాగే మొండికేశాయి.

ఆల్బమ్ వచ్చి నెలైంది. విమర్శకుడి మీద పాట విమర్శకుడికే తెగ నచ్చింది. అది తన గురించేనని వాడికి తట్టనే లేదు! కంపెనీ యజమాని పూలు పంపాడు. అన్ని నెలలు పదును పెట్టిన తిట్లు ఎవరికీ గీసుకోలేదు. ఇంటినిండా ఉన్న కావ్యాలన్నీ చదివాను. కోపం ఇంత మొద్దు కత్తి అని ఒక్క మహానుభావుడూ రాయలేదు.

అందరి నోటా ఆఖరి పాటే. గిటార్ ఒక్కసారి మోగి ఆగుతుంది, కాసేపు ఏమీ ఉండదు, తర్వాతే పాట. ఒక పత్రిక దాన్ని "మృత్యువు ముందు మౌనం" అంది. ఇంకోటి "ముసలాయన వాయించడం మర్చిపోయాడు" అంది. ఆ ఖాళీని కత్తిరిస్తానని సౌండ్ ఇంజనీరమ్మాయి మొత్తుకుంది. నేనే వద్దన్నాను. ఎందుకని అడగకు. నీ మీద తిట్లు మాత్రం కుదరలేదు. ఆ పాటలో మాటల్లేవు.

వచ్చే నెల స్టేజీ ఎక్కుతున్నాను. డ్రమ్మర్ ఉన్నాడు. ఊరికే చెబుతున్నాను.

నీ బావమరిది

* * *

ప్రియమైన బావమరిదీ,

నేను కవరు విప్పలేదు. మీ అక్క విప్పింది. పాటలు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఎవరిదో ఫ్రిజ్ కంప్రెసర్ ముందేసుకుని, విననట్టు కూర్చున్నాను.

ఆఖరి పాట వచ్చింది. గిటార్ మోగి ఆగింది. నా చేతిలో స్క్రూడ్రైవర్ కూడా ఆగింది. పాత అలవాటు, దగ్గాను.

టక్కున పాట మొదలైంది.

మీ అక్క గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మళ్లీ పెట్టనా?" అంది. పెట్టింది. మళ్లీ దగ్గాను. మళ్లీ మొదలైంది.

ఆపరేషన్ సంగతి స్టేజీ దిగాక తేల్చుకుందాం. నిన్ను అంత తేలిగ్గా వదలను. ఆ గడియారం డ్రమ్మర్‌కు ఒక్క పాటకు సెలవియ్యి. స్టూలు కాస్త ఎత్తుగా వెయ్యమను, నావీ ముసలి మోకాళ్లే.

అక్క అప్పుడే దగ్గుమందు సీసా సంచిలో పెట్టింది. తీసి బల్ల మీద పెట్టేశాను.

నీ బావ