పాత చర్చిలో ఉయ్యాలలు

బాలానగర్, జూలై 1999

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం.

పాత చర్చిలో పిల్లల్ని చూసుకోవడమేమిటని నీకు బెంగ. కొత్త చర్చి కట్టుకున్నాక చర్చివాళ్లే దీన్ని అద్దెకిచ్చారు. కొన్నాళ్లు గోడౌను, తర్వాత టైపు ఇన్‌స్టిట్యూటు నడిచాయి. ఇప్పుడు హైటెక్ సిటీలో పనిచేసే తల్లులు తమ పిల్లల్ని నా దగ్గర వదిలి వెళుతున్నారు.

నిన్న ఆరోగ్యమ్మ అనే పెద్దావిడ గుమ్మంలో నిలబడి, "నా లగ్గం ఈడనే అయింది బిడ్డా. జర లోపలికొస్తా" అంది. ఒకప్పుడు ఫాదరు పూజ చేసిన చోట పసివాళ్లు నిద్రపోతున్నారు. ఆవిడ బాధపడుతుందేమో అనుకున్నాను. చెప్పులు విడిచి వచ్చి, ఏడుస్తున్న పాపను ఎత్తుకుని జోకొట్టింది. "రేపు గూడ వస్తా" అంది. ఈవేళా వచ్చింది.

నేనిది మానను. నాన్నగారి దగ్గు తగ్గిందా? ఉయ్యాలలకు నీ పాత నూలు చీరలు కావాలి. నువ్వే తీసుకురా, ఆవిడ పక్కన కాసేపు కూర్చుందువు. చెల్లికి ఆశీస్సులు.

నీ భార్గవి