అక్కకు వికారం, బావమరిదికి వ్యాపారం

చిరంజీవి బావమరిదికి,
మీ బావ దీవించి రాయునది.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందే చెబుతాను. ఇంటింటికీ వచ్చి సెలైన్ ఎక్కించే నీ బండిలో ఎక్కించుకుంటున్న ఐరన్ మందు ఇక తనకు వద్దని, సెలవులకు పుట్టింటికి వచ్చిన మీ అక్క నిన్న ఫోన్‌లో తేల్చి చెప్పింది. ఎక్కించుకున్న ప్రతిసారీ కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చిందట. వైద్యం ఇంకా సగం మిగిలే ఉంది. ఒంట్లో రక్తం సరిపడా పెరిగిందని డాక్టరమ్మ సంతకం చేస్తే తప్ప, బడి తెరిచేనాటికి ఆమెను స్కూలు బస్సు నడపనివ్వరు. ఆ స్టీరింగు చేతికి అందకపోతే ఆమె ఊరుకునే మనిషి కాదు. ఇంట్లో నన్ను నడుపుతుంది.

నేను ఇక్కడి ఆస్పత్రి మందుల విభాగం వదిలి రాలేను, సెలవు లేదు. ఫోన్‌లో చెబుదామంటే, నా మాట సగంలో ఉండగానే "సరే బావగారూ" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కనుక రాస్తున్నాను.

డాక్టరమ్మ రాసిన వాంతి మాత్రను సూది గుచ్చడానికి అరగంట ముందు ఇవ్వాలి. కడుపు ఖాళీగా ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు; కొంచెం తేలికగా తినాలి. నర్సమ్మ పక్కనే ఉండాలి. నీ బండిలో ఎక్కించడానికి డాక్టరమ్మ ఒప్పుకున్నదే ఆ హామీ మీద.

ఇట్లు,
మీ బావ

తా.క.: బండి మీద "బలం మీ గుమ్మంలోకి" అని రాయించావట. దిగీ దిగగానే తాను ముందుగా కడగవలసి వస్తున్నది గుమ్మాన్నేనని మీ అక్క అంటోంది.

---

మహా గౌరవనీయులైన బావగారికి,
మీ బావమరిది చేతులు జోడించి రాయునది.

మీ ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని బాధపడ్డాను. నేను ఏ వ్యాపారం పెట్టినా మీకు లోకువే. ఐస్ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు కరిగిపోతుందన్నారు. కరిగిపోయిందనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు నా బండి ఎక్కితే వాంతులంటున్నారు. తోడబుట్టిన అక్కకు నేను చెడ్డ మందు పోస్తానా?

అయినా పెద్దవారి మాట. మాత్ర అరగంట ముందే ఇప్పించాను. కడుపు ఖాళీగా ఉండకూడదన్నారు కదా అని రొట్టె, రెండు అరటిపళ్ళు దగ్గరుండి తినిపించాను. అన్నీ మళ్ళీ చూశాను. "నీ మందూ వద్దు, నీ మర్యాదా వద్దు, నన్ను దింపెయ్యరా!" అంది. నర్సమ్మ ఏదో చెప్పబోయింది. "ముందు ఎక్కు తల్లీ, ఆలస్యమైపోతోంది" అన్నాను.

ఒక మేలు మాత్రం జరిగింది. మీ ఉత్తరం వల్ల నాకు ఒక ఆలోచన తట్టింది. బండి తలుపు మీద "వికార నివారణ సౌకర్యం కలదు" అని కొత్తగా రాయించి, ఎక్కిన ప్రతివాళ్ళ చేతిలో ఒక వాంతి మాత్ర చాక్లెట్టులా పెడుతున్నాను. రిటైరైన జడ్జిగారైతే అడిగి మరీ రెండు తీసుకుంటున్నారు.

ఇట్లు,
మీ నిందలు మోస్తూ,
బావమరిది

తా.క.: నర్సమ్మ కూడా రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది. పొద్దస్తమానం మందులు చూసి చూసి ఆమెకూ డోకు పట్టుకున్నట్టుంది.

---

చిరంజీవి బావమరిదికి,
దీవెనలు. కొంచెం కోపం కూడా.

వాంతి మాత్ర చాక్లెట్టు కాదు. గుండె జబ్బున్న వాళ్ళకు, వేరే మందులు వాడే వాళ్ళకు అది కీడు చేయవచ్చు. డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ ఇవ్వకు. జడ్జిగారికి అసలే ఇవ్వకు. రేపు నీకు శిక్ష వేయించే దారి ఆయనకు బాగా తెలుసు.

ఇక అసలు విషయం. మీ అక్కకు వికారం మందు వల్ల అనుకుందాం. నర్సమ్మ ఏ మందూ ఎక్కించుకోవడం లేదు కదా, ఆమెకెందుకు? బండిలో నిమ్మ వాసన స్ప్రే కొడుతున్నావని విన్నాను. మూసిన గదిలో ఆ ఘాటుకు ఆరోగ్యవంతుడికైనా కడుపు తిప్పుతుంది. దాన్ని పారెయ్యి. డాక్టరమ్మతో మాట్లాడాను. చుక్కల వేగం సగానికి తగ్గించమన్నారు. ఐరన్ తొందరగా ఎక్కితే వికారం రావడం కద్దు. ఆలస్యమైనా సరే, నెమ్మదిగా ఎక్కించండి. మీ అక్క మన ఇంటి మనిషి, నీ టైంటేబుల్లో ఒక గడి కాదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: రొట్టె, రెండు అరటిపళ్ళను "కొంచెం తేలికగా తినడం" అనరు. మీ ఇంట్లో అంటారు కాబోలు.

---

మహా గౌరవనీయులైన బావగారికి,
మీ బావమరిది ఈసారి ఒంటిచేత్తో నమస్కరించి రాయునది. రెండో చేత్తో బకెట్టు పట్టుకున్నాను.

మీరు చెప్పినట్టే చేశాను, కొంప మునిగింది. చుక్కల వేగం తగ్గించాక అక్కకు వాంతులు తగ్గలేదు సరికదా, రెట్టింపయ్యాయి! ఎంత నెమ్మదిగా ఎక్కిస్తే అంత ఎక్కువసేపు అవస్థ పడుతోంది. మీ చదువు ఆస్పత్రి గోడల దాకానే పనిచేస్తుందేమో, ఆలోచించండి.

నిమ్మ వాసన పారేసి కిటికీలు తెరిచాను. ఆ గాలికి జడ్జిగారి టోపీ ఎగిరిపోయింది. అక్క కోరికలైతే ఇక చెప్పనలవి కాదు. "నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టరా" అంటుంది. చేతికి సూది ఉన్న మనిషికి ముందు సీటు ఎందుకు బావగారూ? "ఆ సీసా అలా ఊగుతుంటే చూడలేను, దాన్ని కట్టెయ్" అంటుంది. కళ్ళు మూసుకోమన్నాను. మూసుకుంటే మరీ ఘోరమట! "మందు పడలేదని మీ బావకు రాసెయ్, ఇంకేమీ రాయకు" అని ఒట్టు పెట్టించుకుంది.

ఇంకా గట్టి మాత్ర ఏదైనా ఉంటే డాక్టరమ్మ చేత రాయించండి.

ఇట్లు,
దిక్కుతోచక,
బావమరిది

తా.క.: నర్సమ్మ రాజీనామా ఇచ్చింది. చేతిరాత వంకరటింకరగా ఉంది, చదవలేకపోయాను. కనుక చెల్లదు.

---

బావమరిదికి,

ఒక్క ప్రశ్న. సీసా ఎందుకు ఊగుతోంది?

బావ

---

మహా గౌరవనీయులైన బావగారికి,
దీవెన లేని ఉత్తరం అందుకున్న బావమరిది రాయునది.

ఊగక ఏం చేస్తుంది? గోతుల రోడ్డు!

మీకు మందులు తెలుసు గానీ వ్యాపారం తెలియదు. సీసా ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కరి గుమ్మం ముందు బండి ఆపుకుని కూర్చుంటే రోజుకు ఎంతమందిని చూడగలను? అందుకే ఎక్కినవాళ్ళకు సూది పెట్టించి, తరువాతి వాళ్ళ ఇంటికి బయల్దేరతాను. వాళ్ళ సీసా అయ్యేసరికి మళ్ళీ వాళ్ళ గుమ్మంలోనే దింపుతాను. టైం వృథా లేదు. సూది గుచ్చేటప్పుడు మాత్రం బండి ఆపుతాం. నేనేమైనా మూర్ఖుడినా?

అక్క మన మనిషి గనుక వెనక సీటిచ్చి రౌండంతా తిప్పుతున్నాను. మీరు నెమ్మదిగా ఎక్కించమన్నాక ఇంకో చిక్కొచ్చింది. రౌండు అయిపోతోంది, సీసా అవడం లేదు. అందుకని క్వారీ రోడ్డు మీదుగా ఇంకో చుట్టు తిప్పాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: గట్టి మాత్ర సంగతి మరిచిపోయినట్టున్నారు.

---

చిరంజీవి బావమరిదికి,
ఆశీర్వదించాలా వద్దా అని ఆలోచిస్తూ మీ బావ రాయునది.

నీ ఉత్తరం అందిన పూటే సెలవడిగి బయల్దేరాను. నేను వచ్చానని తెలిసి నువ్వు బండిని మెకానిక్‌తో పంపి మొహం చాటేశావు. కనుక ఈ కాగితం నీ షెడ్డు తలుపు కింద నుంచి తోస్తున్నాను. లోపల దగ్గుతున్నది నువ్వేనని తెలుసు.

ఆ మాత్రను తప్పు పట్టకు. మందు పుట్టించే వికారాన్ని అది అణచగలదు; ప్రయాణపు వికారానికి అంతగా పనిచేయదు. నీ క్లచ్చు, నీ బ్రేకు పుట్టించే వికారానికైతే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నడుస్తున్న బండిలో మనిషికి సూది ఊడినా, ఒళ్ళు తిరిగి పడిపోయినా నర్సమ్మ ఏ చేత్తో పట్టుకుంటుంది? ఒక చేతిలో బకెట్టు ఉందాయె. ఇకపై సీసా వేలాడుతుండగా చక్రం కదిలితే నీ బండిలో వైద్యానికి తన అనుమతి ఉండదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పారు. నర్సమ్మ రాజీనామా నేను చదివాను. చక్కగా అర్థమవుతోంది, ఆమె అది రాసింది క్వారీ రోడ్డు మీద.

ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని మీ అక్కను అడిగాను.

"మీకేం, అడుగుతారు! బస్సులో పిల్లలకు కడుపు తిప్పితే కిటికీ పక్కన కూర్చోబెట్టి, 'దూరంగా చూడరా నాన్నా' అని చెప్పేదాన్ని నేను. అలాంటి నేను బండిలో కక్కుకున్నానని తెలిస్తే ఒకటో తరగతి పిల్లలు కూడా నవ్వుతారు. మందు పడలేదంటే ఎవరికీ నష్టం లేదు, మందుకు పరువుందా? మా తమ్ముడికి ఈ వ్యాపారమైనా నిలవాలి" అంది.

విన్నావా? ఉద్యోగం పోయినా పరవాలేదనుకుంది గానీ, తన పరువు, నీ వ్యాపారం మాత్రం పోనివ్వలేదు. ఎందుకైనా మంచిది, ఈ ముక్క రెండుసార్లు చదువుకో.

ఈరోజు మీ ఊరి ఆస్పత్రి ఆవరణలో బండి ఆపించి, నాలుగు చక్రాలకూ రాళ్ళు అడ్డం పెట్టించి, అదే మందు, అదే మాత్ర, అదే వేగంతో ఎక్కించాం. మీ అక్క మెకానిక్ ముందు చెయ్యి చాపి, "తాళంచెవి ఇటివ్వు" అంది. సీసా ఖాళీ అయ్యేదాకా అది ఆమె పిడికిట్లోనే ఉంది. ఒక్క డోకైనా రాలేదు. నర్సమ్మ కూడా మాత్ర అడగలేదు.

మిగిలిన సెలైన్లు కూడా ఇలాగే ఎక్కుతాయా, బడి తెరిచేలోగా డాక్టరమ్మ సంతకం పడుతుందా అన్నది రక్తపరీక్ష చెప్పాలి. ఈరోజు కడుపు నిలిచింది బండి ఆగినందుకా, తాళంచెవి తన చేతిలో ఉన్నందుకా అని మీ అక్కను అడిగాను. నవ్వి, తాళంచెవిని కొంగున ముడేసుకుంది. నాకు ఇంకా తెలియదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: తాళంచెవి ఆమె తిరిగి ఇవ్వలేదు. ఎప్పుడిస్తుందో కూడా తెలియదు.