పళ్ళ మధ్య జడపిన్నులు

బావగారికి,

మీ కొత్త కథ ప్రూఫులు దిద్దడానికి నా బల్ల మీదికే వచ్చాయి. మా సంపాదకుడు మురిసిపోతూ, "మీ బావగారు ఆడదాని మనసు భలే పట్టారమ్మా" అన్నారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది.

ఇరవై ఏళ్ళుగా మీ కథలు దిద్దుతున్నాను. వాటిలో ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడతారు, కళ్ళు తుడుచుకుంటారు, చివరి పేరాలో మొగుణ్ణి క్షమించేస్తారు. ఒక్కర్తయినా కూర్చుని కడుపునిండా అన్నం తిన్న పాపాన పోలేదు. ఈ కథలో ఆవిడ అందరికంటే ముందు వడ్డించుకుని తింటుంది. ఎవరినీ క్షమించదు. మొగుడు ఏదైనా నిలదీస్తే చాలు, జడపిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని తల దువ్వుకుంటూ కూర్చుంటుంది. ఇన్నేళ్ళూ లేని ఈ చూపు మీకు ఉన్నట్టుండి ఎక్కడి నుంచి వచ్చింది?

నిన్న ఫోన్ చేసి అక్కనే అడిగాను. "నాకు కథలేం తెలుసే, ఆయన రాసింది చూసి నీటుగా ఎత్తిరాసి పెడతానంతే" అంది. ఆ మాట కూడా నోట్లో ఏదో పెట్టుకున్నట్టు ముద్దముద్దగా వినిపించింది.

నోట్లో పిన్నులుంటే, జవాబివ్వకపోయినా పొగరని ఎవరూ అనరు. మా అమ్మ అక్కకీ నాకూ మాత్రమే నేర్పిన ఉపాయం అది. కథలో ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

రచయిత పేరుండే చోటు ఖాళీగా వదిలి, ప్రూఫులు అక్క పేరున పంపుతున్నాను. ఆ కథ మీదేనని నాతో మాత్రం అనకండి. ఆ పిన్నులెందుకో ముందే తెలిసుంటే, మీరు దాన్ని మా పత్రికకి పోస్టు చేసేవారే కాదు.

మీ మరదలు