వెనక మూత

ఆదోని
బుధవారం

కుల్సుంకు ఖాదర్ వలి సలాం. ఇక్కడ నేనూ, నీ రెండు మేకలూ దేవుడి దయవల్ల బాగున్నాం. బళ్ళారిలో నువ్వూ, షాహీనూ, నెల నిండిన బుజ్జిదీ, అల్లుడి ఇంట్లో పెద్దలూ అందరూ క్షేమమని తలుస్తాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈయన కాగితం మీద రాస్తున్నాడేమిటని నవ్వకు. మొదలుపెట్టింది నువ్వే. పత్తి లారీతో మార్కెట్‌కు వచ్చిన అల్లుడు నీ ఉత్తరం నా చేతిలో పెట్టినప్పుడు నేనూ నవ్వాను. అక్కడ ఫోన్ మోగితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారనీ, స్పీకర్ పెట్టనిదే మీ వియ్యపురాలు ఊరుకోదనీ రాశావు. మంచిదే అయింది. నేను చెప్పవలసింది నలుగురు వినేలా చెప్పడానికి నాకు నోరు రాదు. అల్లుడు రేపు మళ్ళీ బళ్ళారి పోతున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మేకలు నా మాట వినడం లేదు, నీ పాత చీర కొంగు చేత పట్టుకుని పిలిస్తే మాత్రం వస్తున్నాయి. భుజానికి నూనె రాస్తున్నాను. కుడిచెయ్యి చెవి దాకా లేస్తుంది, ఆపైన మొండికేస్తుంది. రాత్రి అన్నం పక్కింటి ఎల్లమ్మ పంపుతోంది. ఆమె చారులో కారం చూశాక నీ వంట మీద ఇన్నేళ్ళు పెట్టిన వంకలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

మన ట్రాలీ ఎలా ఉంటుందని వియ్యపురాలు అడిగిందట కదా. బొలేరో వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే రేకు గది అని చెప్పు. ముందు సగంలో దూది ఏకే మిషనూ, మన పొయ్యీ, వెనక సగంలో దూదీ, మన పడకా. ఏకేటప్పుడు లేచే నుసి పోవడానికి కప్పులో రెండు మూతలు, పిడి తిప్పితే లేస్తాయి. బండి కదిలే ముందు రెండూ మూయకపోతే గాలి కిందికి దూరి మూతను పెరికేస్తుందని కూడా చెప్పు. ఆ సంగతి ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఇక తాహెర్ సంగతి. "మా తమ్ముడు నీ కాళ్ళు పట్టుకున్నాడా? పట్టుకోకపోతే బుజ్జిదానికి పేరు పెట్టే పండగకు రావద్దని కబురు పంపించాను" అని రాశావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎల్లమ్మ కారం వల్ల కాదు.

నేను నీకు ఫోన్‌లో ఏం చెప్పాను? లోపలి పని తాహెర్‌దని, వెనక మూత మూయడం మరిచాడని, అది ఊడిపోయి కనకమ్మవ్వ దూదంతా రోడ్డుపాలైందని. దూది పోయిన మాట నిజం. మిగతాది అబద్ధం. కుల్సుం, ఆ రోజు లోపల ఉన్నది నేను. మూయనిది నేను.

ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దేవనకొండలో కనకమ్మవ్వ నీకు తెలుసు. మొగుడు మాదన్న పడిపోయి ఆరు నెలలుగా చాప మీదే ఉన్నాడు, వీపంతా పుళ్ళు పడ్డాయి. ఆమె తన చేనులో పండినదాంట్లో మేలైన పత్తి ఏరి, గింజ తీయించి, ఆయన పరుపుకని దాచింది. ఆ దూది మేం ఏకేసరికి మధ్యాహ్నమైంది. పరుపు గుడ్డ ఎమ్మిగనూరులో తీసుకుని అక్కడే కుట్టి తెస్తామని చెప్పాను. మూట కడితే అణిగిపోతుందని దూదిని ట్రాలీ వెనక సగంలో ఛాతీ ఎత్తున విడిగా పోశాం.

తాహెర్ కింద కొక్కెం తగిలిస్తున్నాడు. నేను లోపలికెక్కి, మిషను మీద నిలబడి ముందు మూత మూశాను. వెనక మూత సరిగ్గా దూది కుప్పకు పైన ఉంది. దాన్ని అందుకోవాలంటే ఏకిన దూదిలో కాలు పెట్టాలి. ఏకిన దూదిని తొక్కినవాడు దూదేకులవాడే కాదని మా నాయన నా పిక్కల మీద బెత్తంతో నేర్పాడు. పక్కకు తోసి నిలబడదామంటే ఈ చెయ్యి పైకి లేవదు. తాహెర్‌ను కేకేస్తే పని అయిపోయేది. కానీ ఆ పొద్దున ఊరివాళ్ళ ముందే వాడు రెండుసార్లు, నీకు చెయ్యి లేవదు, నువ్వు జరుగు, నేను చేస్తానన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మెల్లగా పోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

కింద నుంచి అలవాటుగా అడిగాడు. "బావా, మూతలు?"

"రెండూ మూసినా," అన్నాను.

గోనెగండ్ల దాటాక ఎదురుగాలి పెరిగింది. బండి నడుపుతున్నది నేనే, నెమ్మదిగా పోవాలన్న మాట నాకు గుర్తే లేదు. పైన ఒకటే దబ్బుమని చప్పుడు. బండి ఆపి దిగేసరికి మూత ఎక్కడో కంపచెట్లలో ఉంది, కప్పుకు పడిన కంతలోంచి దూది పొగలాగా పైకి లేస్తోంది. రోడ్డు పొడుగునా తుమ్మ ముళ్ళకు తెల్లగా పట్టుకుని ఉంది. ఇద్దరం పరిగెత్తి ఏరాం. అంతలో వాన. మిగిలిన దూది ఆ కంత కిందే తడిసి ముద్దయింది.  తాహెర్ తన చొక్కా విప్పి ఆ ముద్ద మీద కప్పాడు.

మర్నాడు కనకమ్మవ్వ వాకిట్లో నలుగురు చేరారు. మూతలు చూసుకోవాల్సింది ఎవరని అడిగారు. నా నోట్లోంచి తాహెర్ పేరు వచ్చింది. నేను అనుకుని అనలేదు, కానీ అన్నాక వెనక్కి తీసుకోనూ లేదు. అప్పుడు కనకమ్మవ్వ ఏమందో నీకు ఫోన్‌లో చెప్పలేదు. "గాలికి ఇంత దూది పోతాదా? ఈయప్ప ఎమ్మిగనూర్లో యాడో అమ్ముకున్యాడు, గాలి మీద పెట్టి సెప్తాండారు," అంది. దూదేకులవాడిని దొంగ అంటే అంతకు మించిన మాట లేదు. ముప్పై నాలుగేళ్ళవాడు, పెళ్ళాం ఉన్నవాడు, తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను మేకు ఊడిన చెప్పును సర్దుకుంటున్నట్టు వంగాను.

ఆ రోజే వాడు ట్రాలీ దిగిపోయాడు. ఇప్పుడు ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు మోస్తున్నాడు. ఆ మాట దేవనకొండ నుంచి వాడికంటే ముందే మిల్లుకు చేరింది. సాయంత్రం గేటు దగ్గర వాడి సంచి ఒక్కటే విప్పి చూస్తారట. ఈ సంగతి నాకు నిన్నటి దాకా తెలియదు. తెలుసుకోవాలని నేను అనుకోనూ లేదు.

నీ ఉత్తరం వచ్చాక కూర్చోలేకపోయాను. సోమవారం మన ఇంటి పరుపు విప్పి, ఏకి, కొత్త గుడ్డలో కుట్టి దేవనకొండ తీసుకుపోయాను. నువ్వొచ్చాక మనకు చాపే గతి, ముందే చెబుతున్నాను. మాదన్నను పరుపు మీదికి మార్చాక అదే వాకిట్లో, ఆ నలుగురినీ పిలిపించి, మూయనిది నేనని చెప్పాను.  "ఆ పిల్లోన్ని దొంగన్న నోరు నాది," అంది కనకమ్మవ్వ. "అనిపిచ్చినోనివి నువ్వు. నాతోపాటు మిల్లుకు రా, ఆడా సెప్పు." నిన్న ఆమె బస్సెక్కి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి మిల్లు గేటు దగ్గర నిలబడి, పోయేవాళ్ళను ఒక్కొక్కరినీ ఆపి, తాహెర్ దొంగ కాదని చెప్పింది. ఆమె పక్కన నేనూ చెప్పాను. భూమి చీలితే బాగుండుననిపించింది, అది చీలలేదు.

తర్వాత తాహెర్, నేను టీ కొట్టు బయట కూర్చున్నాం. తప్పయిందన్నాను.  పండగకు రమ్మని అడిగాను. మేనమామ ఒడిలో పెట్టుకోకుండా షాహీన్ బిడ్డకు పేరేమిటి అన్నాను.

"నువ్వు పిలిస్తే రాను బావా," అన్నాడు. "నువ్వు నా పేరు సెప్పింది నేను మర్సిపోతా. మా అక్క ఫోన్ సేసి ఒక్కమాటన్నా అడుగుతాదని సూసినా. అడిగుంటే సెప్పేవాన్ని. అడగల్యా. రావద్దని మాత్రం కబురు పంపిచ్చింది."

 అక్కది తప్పు కాదు, నన్ను నమ్మింది అన్నాను. వాడు లేచి మిల్లులోకి పోయాడు. టీ అలాగే ఉంది.

కుల్సుం, నువ్వు చేతుల మీద పెంచిన తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదంటే, ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను నీతో అబద్ధం చెప్పి ఎరగనని కదా. ఆ నమ్మకాన్నే తీసుకుపోయి నీ తమ్ముడి మీద పెట్టి కొట్టాను. దూది మళ్ళీ పండుతుంది, మూత మళ్ళీ బిగించవచ్చు. ఇది మాత్రం ఎలా తీరుతుందో నాకు తెలియదు.

ఈ ఉత్తరం వియ్యపురాలికి చదివి వినిపించు. స్పీకర్ పెట్టినంత గట్టిగా చదువు. తర్వాత తాహెర్‌కు నువ్వే ఫోన్ చెయ్యి, ముందు వాణ్ణి అడుగు, తర్వాత పిలువు. శుక్రవారం పండగకు వాడు ఆ ఇంట్లోకి రావడానికి నేను బయట ఉండాలంటే బయటే ఉంటాను. బుజ్జిదాని పేరు తర్వాత నాకు ఎవరో ఒకరు చెబుతారు.

ఇట్లు,
నీకు మొహం చూపించడానికి సిగ్గుపడుతున్న
షాహీన్ నాయన
ఖాదర్ వలి