ఏడో మనిషి బొమ్మ

కాశీబుగ్గ,
14 జులై 2008.

పొద్దున్నుంచి సన్నవాన. ఫ్యాక్టరీ కళ్లంలో ఆరబోసిన జీడిగింజలు లోపలికి ఎత్తించి వచ్చి కూర్చున్నాను.

ధనుంజయ్‌కు,

సింహాద్రి బావ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని, వచ్చే నెల పెద్ద ఉద్యోగం ఖాయమవుతుందని అత్త చెప్పింది.

నీ పరిశోధన అచ్చయిందని నువ్వు ఇంటికి పంపిన ఇంగ్లీషు పత్రికను అత్త టెక్కలి నుంచి కొంగులో చుట్టి, తడవకుండా తెచ్చింది. "మావోడు రాసిందట. ఎవులికీ అంతు పట్నేదు. నువ్వైతే సదివి సెప్తావని తెచ్చినాను" అంది. నాకూ ఒక్కరోజులో అంతు పట్టలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఎనిమిది రోజులు చదివాను.

మూడేళ్ల కిందట నువ్వు మా ఫ్యాక్టరీకి వచ్చిన రోజు నా దినచర్య పుస్తకంలో ఉంది. గ్రేడింగు బల్ల దగ్గర ఆడవాళ్లు కంటిచూపుతోనే జీడిపప్పులో నిండు గుండ్లు, రెండుగా విడిన బద్దలు, ముక్కలు వేరుచేస్తుంటే అక్కడే నిలబడిపోయావు. "బావా, వీళ్ల మెదళ్ల బొమ్మలు తియ్యాలి" అన్నావు. మనిషి ఏదైనా చూస్తున్నప్పుడు మెదడులో ఏ చోటికి రక్తం ఎక్కువ పారుతుందో యంత్రం చూపిస్తుందని చెప్పావు. నీ పరిశోధనకు అక్షరం రానివాళ్లు ఏడుగురు కావాలన్నావు. వాళ్లకు నువ్వెవరో తెలియదు. నా మాట మీద వచ్చారు.

విశాఖపట్నంలో యంత్రం గదిలోకి లోహం ఏదీ తీసుకెళ్లకూడదన్నారు. ముక్కుపుడకలు, మెట్టెలు తీశారు. పుస్తెలు కూడా తియ్యమనేసరికి అందరూ నా మొహం చూశారు. బజారుకు పోయి పసుపు కొమ్ములు, దారం తెచ్చాను. ఆరుగురు అవి మెడలో కట్టుకుని, పుస్తెలు నా చేతిరుమాల్లో పెట్టి, ఒకరి తరవాత ఒకరు లోపలికి వెళ్లారు. బొడ్డమ్మ మాత్రం, "మా ఆయన బతికుండగా పుస్తెలు తీసీమంతావేటి? నాను రాను" అని బయట బెంచీ మీదే కూర్చుండిపోయింది. ఆ రుమాలు నా గుప్పిట్లో ఉన్నంతసేపూ నేను కూర్చోలేదు.

ఎవరి బొమ్మ వాళ్లకు తెచ్చి చూపిస్తానని మాటిచ్చావు. దాలమ్మ బల్ల దగ్గర ఇప్పటికీ అడుగుతుంది: "బాబూ, నా బుర్ర గుండా, బద్దా? సెప్పమను మీ వోడిని." అందరూ నవ్వుతారు. మొదటి ఏడాది నేనూ నవ్వాను.

ఇక పత్రికలో ఉన్న సంగతి. అక్షరాలు చూపించినప్పుడు ఆరుగురి మెదళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదని రాశావు. ఏడో మనిషికి మాత్రం, చదువుకున్నవాళ్లకు వెలిగే చోటే వెలిగిందని రాశావు. ఎడమ చెవి వెనక, కిందుగా, ఎర్రటి మచ్చతో బొమ్మ వేశావు. ఒక్క అక్షరం రాకపోయినా, ఏళ్ల తరబడి పప్పు ఏరినందువల్లే ఆ చోటు మేలుకుందని తేల్చావు. నీ ఉద్యోగం ఆ బొమ్మ మీదే వస్తోందట.

నిన్న పత్రికను బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. దాలమ్మ ఆ పేజీని, పప్పు చూసినట్టే, వెలుగుకు ఎత్తి చూసింది. నేను చెప్పిందంతా విని వేళ్లు లెక్కపెట్టుకుంది. "ఎల్లింది ఆరుగురుమే కదా బాబూ. మరి ఈ ఏడో బుర్ర ఎవులిది?" అంది. బొడ్డమ్మ, "నాది కాదు తల్లీ, నా బుర్ర నాతోనే బెంచీ మీద కూకున్నాది" అంది. నవ్వులు లేచాయి. రిజిస్టరు మరిచిపోయానని చెప్పి నేను బయటికి వచ్చేశాను. ఇరవై ఏళ్ల గుమాస్తా పనిలో ఆ బల్ల దగ్గర జవాబు చెప్పకుండా లేచి రావడం అదే మొదలు.

నువ్వు పొరపాటున రాశావని నమ్మడానికి ఎనిమిది రోజులూ ప్రయత్నించాను. కుదరలేదు.

ఇంతవరకూ నీ మేలు కోరిన
సింహాద్రి

తా.క.: దీని నకలు మీ ప్రొఫెసరుగారికి పంపుతున్నాను. ఆయనకు తెలియాలి కనక రాస్తున్నాను. ఆ ఏడో మనిషిని నేనే. ఆడవాళ్లను భోజనానికి పంపించి, నన్ను పక్కకు పిలిచావు. "ఒక్క మనిషి తగ్గితే నా పనంతా పోద్ది బావా. సదువు రాదని సెప్పు. ఏలిముద్ర ఎయ్యి" అన్నావు. చాలా ఏళ్లకు మన మాటలో మాట్లాడావని కరిగిపోయాను. సంతకం నేర్చుకున్నాక నేను వేసిన వేలిముద్ర అదొక్కటే. అబద్ధంలో నా పాలూ ఉంది.

యంత్రంలో మొహం మీది చిన్న అద్దంలో మాటలు కనిపించాయి. ఊరికే చూడమన్నారు. పడవ. నిచ్చెన. కొబ్బరి. చదవకుండా చూడడం నాకు చేతకాలేదు. నేను ఒక్కరోజు కూడా పప్పు ఏరలేదని నీకు తెలుసు. పదహారేళ్ల వయసులో, జీడి మసి చేతులతో, నీ పలక పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాననీ తెలుసు. 'ళ' ఎలా తిప్పాలో చూపించింది నువ్వే. లెక్కకు ఒక మనిషి తక్కువై నన్ను యంత్రంలో పడుకోబెట్టావనుకున్నాను. నాకు చదువు రాదని అచ్చు వేయిస్తావనుకోలేదు. అది చదివి చెప్పమని అత్త నా దగ్గరికే తెచ్చింది.

దాలమ్మకు జవాబు చెప్పడానికి వెళ్తున్నాను. నా దినచర్య పుస్తకంలో ఇవాళ్టి పేజీలో తేదీ, వాన మాత్రమే రాశాను. గింజలు ఎన్ని బస్తాలు ఎత్తించానో ఇంకా రాయలేదు.